మూడు వందల పన్నెండు గజాలు

ఆ ఏడాది సెప్టెంబరు నుంచి నవంబరు దాకా మా ఇంట్లో మూడు వందల పన్నెండు అన్న అంకెను ఎవరూ పైకి అనకూడదు. మా అమ్మాయి రోండాకి ఒకరోజు హోంవర్కు లెక్కల్లో సరిగ్గా అదే జవాబు వచ్చింది. అది కాగితం పట్టుకుని వంటింట్లోకి వచ్చి, నా చెవిలో రహస్యంగా చెప్పి వెళ్ళిపోయింది. పక్కగదిలో వాళ్ళ నాన్న ఉన్నాడు మరి.

లిండ్‌హోమ్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి డిఫెన్స్, అంటే అవతలివాళ్ళని ఆపడం, నేర్పేది మా ఆయన గ్లెన్. ఆ సీజన్ మొదటి ఆటలో అవతలి జట్టు బంతిని చంకలో పెట్టుకుని, మావాళ్ళ మధ్య నుంచీ పక్కల నుంచీ, ఒకటి రెండుసార్లు మీద నుంచీ కూడా, మొత్తం మూడు వందల పన్నెండు గజాలు పరిగెత్తింది. బంతిని ఒక్కసారి కూడా గాల్లోకి విసరలేదు. విసరాల్సిన అవసరం మావాళ్ళు రానివ్వలేదు. సోమవారం పొద్దున ఆటల విభాగం పెద్ద క్వింబీ గారు గ్లెన్‌ని గదికి పిలిచి, తన చేత్తో కాఫీ పోసిచ్చి, "ఏం ఫరవాలేదు గ్లెన్, సీజన్ అయ్యాక తీరిగ్గా కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడట. ఆ మాటకి అర్థం నాకు బాగా తెలుసు. కోచ్‌కి పై అధికారి కాఫీ పోసిచ్చాడంటే, భార్య అట్టపెట్టెలు వెతుక్కోవాల్సిందే.

పెళ్ళయిన పదేళ్ళలో మేము ఐదు ఊళ్ళు మారాం. మూడుసార్లు ఓడిపోయి మారాం, రెండుసార్లు గెలిచి మారాం. ఓడితే ఉన్నవాళ్ళు పొమ్మంటారు, గెలిస్తే ఎక్కడివాళ్ళో రమ్మంటారు. ఎలా చూసినా పింగాణీ కప్పుల్ని పాత పేపర్లలో చుట్టేది నేనే. ఆరో ఊరికి దేవుడు కళ్ళు తెరిచాడు. అయోవాలో, మా పుట్టింటికి పన్నెండు మైళ్ళ దూరంలో ఉద్యోగం వచ్చింది. అమ్మ పోయినప్పటినుంచీ నాన్న ఒక్కడే పందుల్ని పెంచుకుంటూ, అరిగిపోయిన తుంటితో కుంటుకుంటూ బతుకుతున్నాడు. రోండాకి నాలుగో తరగతికి ఇది నాలుగో బడి. ఇక్కడే మొదటిసారి దానికి ప్రాణస్నేహితురాలంటూ ఒకత్తె దొరికింది. నాకింక కదలాలని లేదు. ఆ సంవత్సరం నా కోరికలన్నీ కలిపి అదొక్కటే.

కానీ దానికోసం ఏమని మొక్కుకోవాలో అర్థమయ్యేది కాదు. ఓడిపోతే క్వింబీ గారి కాఫీ. మరీ గొప్పగా గెలిస్తే పెద్ద కాలేజీల ఫోన్లు. అడకత్తెరలో పోకచెక్క బతుకంటే ఇదే. ప్రతి ఆదివారం చర్చిలో తలవంచుకుని, "తండ్రీ, గెలిపించు, కానీ పేపర్లో పడేంతగా వద్దు" అని వేడుకునేదాన్ని. పాస్టరు గారు వింటే ఏమనుకునేవారో తెలియదు.

అక్టోబరు చివరికి మావాళ్ళు సగం ఆటలు గెలిచి సగం ఓడారు. అన్నీ ఒక ఎత్తు, ఆఖరి ఆట ఒక ఎత్తు. అది డన్‌మోర్ కాలేజీతో. ఆ డన్‌మోర్ వాళ్ళు ఆటకి నాలుగు వందల గజాలు పరిగెత్తుతున్నారు. వాళ్ళ జట్టులో ప్రొకాప్ అని ఒకడున్నాడు. వాణ్ణి ఆపబోయిన కుర్రాళ్ళు మర్నాడు కాలేజీకి చంకకర్రలతో వెళ్ళారని చెప్పుకునేవారు. గ్లెన్ ఆ పేరు నిద్రలో కూడా కలవరించేవాడు. పరాయి ఆడదాని పేరైనా బాగుండేదనిపించేది, కనీసం పోట్లాడ్డానికి ఉండేది.

గురువారం సాయంత్రాలు డిఫెన్స్ కుర్రాళ్ళందరూ మా ఇంట్లోనే తింటారు. ఈ పక్క కాలేజీల్లో అది పాత ఆనవాయితీ. కోచ్ భార్య వండుతుంది, కుర్రాళ్ళు తింటారు, ఆ పూట ఎవరూ ఒంటి బరువుల ఊసెత్తరు. లైను మధ్యలో నిలబడే వెర్న్ టీస్‌డేల్ రెండు వందల ఎనభై పౌన్ల పిల్లాడు. పంది మాంసం, బంగాళాదుంపలు వేసి వండిన పెద్ద గిన్నె తన ముందుకి జరుపుకుని, "మేడమ్, ఇంకొంచెం ఏమైనా ఉందా?" అన్నాడు.

"గిన్నె ఉంది బాబూ," అన్నాను.

డన్‌మోర్ ఆటకి ముందటి శనివారం మావాళ్ళకి ఆట లేదు. ఆ వారం గురువారం నాన్న మాకు మాంసం ఇచ్చిపోదామని వచ్చి, నేను బతిమాలితే బల్ల చివర కూర్చున్నాడు. నాన్నకి ఫుట్‌బాల్ అంటే గిట్టదు. పదేళ్ళలో ఒక్క ఆటకి రాలేదు. అల్లుడితో ఆయన మాట్లాడేదల్లా వాన గురించి, వాన పడని రోజుల్లో ఎండ గురించి.

భోజనాలయ్యాక గ్లెన్ బల్ల మీద కెచప్ సీసా, ఉప్పు బుడ్డి, మిరియాల బుడ్డి పక్కపక్కన నిలబెట్టాడు.

"ఇదీ డన్‌మోర్. కెచప్పు ప్రొకాప్. ఉప్పు, బంతి పంచేవాడు. మిరియాలు, అంచు వెంబడి పరిగెత్తేవాడు. ఉప్పు బంతిని కెచప్‌కి ఇవ్వచ్చు, తనే ఉంచుకోవచ్చు, లేదా మిరియాలకి విసరచ్చు. ముందుగా ఏదీ అనుకోడు. మీలో ఎవడు తొందరపడి కదులుతాడో చూసి, వాడు ఖాళీ చేసిన చోటికి బంతిని పంపుతాడు. వాళ్ళ విద్యంతా ఇంతే. వెర్న్, నీ మనిషెవరు?"

"కెచప్, కోచ్."

"డెస్మండ్?"

"ఉప్పు, కోచ్."

"మరి ఇవాళ ప్రాక్టీసులో పదిసార్లకి పదిసార్లూ కెచప్ మీదికి దూకావేం?"

డెస్మండ్ పెటిఫర్డ్ తలొంచుకున్నాడు. వాటర్లూ పట్నం కుర్రాడు. జట్టు మొత్తానికి వాడంత వేగం, వాడంత బలం ఎవరికీ లేవు. ఐదుగురు చెల్లెళ్ళకి అన్న. ఎవరు ఏడ్చినా పరిగెత్తి వెళ్ళడం చిన్నప్పట్నుంచీ అలవాటు. "బంతి వాడి దగ్గరే ఉందనుకున్నా కోచ్. వెర్న్ ఒక్కడే ఉన్నాడు పాపం. ఒక చెయ్యి వేద్దామని."

"థాంక్స్ రా," అన్నాడు వెర్న్, నోటినిండా రొట్టెతో.

"నేనూ అందుకే వెళ్ళా కోచ్," అన్నాడు ఇంకొకడు. "నేను కూడా," అన్నాడు అవతలివాడు.

గ్లెన్ రెండు చేతుల్తో తల పట్టుకుని నా వైపు తిరిగాడు. "చూశావా ఆర్డీ? వీళ్ళ మంచితనమే నా కొంప ముంచుతోంది."

అందులో అబద్ధం లేదు. మా వైపు పిల్లలకి అది ఉగ్గుపాలతో పెట్టిన బుద్ధి. పక్కవాడి గడ్డి తడుస్తుందంటే చేతిలో పని ఎక్కడిదక్కడ పడేసి పోతారు. ఎవడి కొట్టం అంటుకున్నా ఊరంతా అక్కడే ఉంటుంది. ఒకడి మీదికి ప్రొకాప్ వస్తుంటే మిగిలిన పదిమంది చూస్తూ ఎలా నిలబడతారు? వాళ్ళటు పోగానే బంతి ఇటు పోతుంది.

అప్పటిదాకా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్న నాన్న గొంతు సవరించుకున్నాడు. "అల్లుడూ, మీవాళ్ళకి పందిని తోలడం వచ్చా?"

గ్లెన్ మొహం చూడాలి. "రాదు మామయ్యా. దేనికి?"

"ఊరికే అడిగాలే." నాన్న టోపీ పెట్టుకున్నాడు. "నలభై పందుల్ని బయలు దొడ్లోంచి చలికాలం కొట్టంలోకి మార్చాలి. ఆదివారం చర్చి అయ్యాక కుర్రాళ్ళని తీసుకురా. కాస్త నేర్పిస్తా."

నాన్న పుట్టి బుద్ధెరిగి ఎవరినీ సాయం అడిగినవాడు కాదు. ఆ తుంటితో నలభై పందుల్ని ఒక్కడే ఎలా మారుస్తాడని నేను నెల్లాళ్ళుగా దిగులుపడుతున్నాను. అడగడం చేతకాక పాఠం చెబుతానంటున్నాడని నాకు అర్థమైంది. బల్ల కింద గ్లెన్ కాలు తొక్కాను.

"వస్తాం మామయ్యా," అన్నాడు గ్లెన్.

ఆదివారం పదకొండు మంది కుర్రాళ్ళు రెండు ట్రక్కుల్లో దిగారు. నాన్న ఒక్కొక్కరి చేతికి ఒక చెక్క పలక ఇచ్చాడు. పందుల్ని తోలేవాళ్ళ దగ్గర ఉండేదే, నేలకి ఆనిస్తే నడుము దాకా వస్తుంది, పైన పట్టుకోవడానికి కన్నం ఉంటుంది. దొడ్డి గేటు నుంచి కొట్టం దాకా రెండు వైపులా కుర్రాళ్ళని వరసగా నిలబెట్టాడు.

"ఇద్దరి మధ్య ఉన్న సందు ఎడమ పక్కవాడిది. ఎవడి సందు వాడిది. పంది మొహం చూడొద్దు. అది అటు చూసి ఇటు దూకుతుంది. దాని భుజం చూడండి. భుజం ఎటు తిరిగితే అటే పోతుంది. అరవద్దు, పరిగెత్తద్దు. పలక నేలకి ఆనించి నిలబడండి."

"అంతేనా తాతా?" అన్నాడు డెస్మండ్.

"అంతే."

గేటు తెరిచాడు. మొదటి పది పందులు బుద్ధిగా నడిచాయి. పదకొండోది ఒక పెద్ద ఆడపంది. అది వెర్న్‌ని ఎగాదిగా చూసి, తన సాటిదే అనుకుందో ఏమో, తిన్నగా అతని పలక మీదికి వచ్చింది. వెర్న్ "ఓరి నాయనో" అన్నాడు. అంతే, డెస్మండ్ తన పలక అక్కడే పడేసి సాయానికి దూకాడు. అతని వెనక ఇంకొకడు, వాడి వెనక ఇంకొకడు. మిగిలిన ఇరవై తొమ్మిది పందులు డెస్మండ్ వదిలేసిన సందులోంచి ఒకదాని వెనక ఒకటి పద్ధతిగా బయటికి వెళ్ళి, పక్కవాళ్ళ కోసేసిన మొక్కజొన్న చేలో పడ్డాయి.

వాటినీ ఆ ఆడపందినీ వెనక్కి దొడ్లోకి తేవడానికి రెండు గంటలు పట్టింది. పందులు కుర్రాళ్ళకి మూడు చెరువుల నీళ్ళు తాగించాయి. ఒకడికి బూటు పోయింది. వెర్న్ ఒకదాన్ని కౌగిలించుకుని బురదలో బోర్లా పడి, "పట్టుకున్నా, పట్టుకున్నా" అని కేక పెట్టాడు. చూస్తే పంది అతని కింద లేదు, పది గజాల అవతల నిలబడి అతన్నే చూస్తోంది. నేనూ రోండా కంచె మీద కూర్చుని, కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వాం. గ్లెన్ మాత్రం నవ్వలేదు. డెస్మండ్ వదిలేసిన ఆ పలక వైపే చూస్తూ ఉండిపోయాడు.

డెస్మండ్ రొప్పుతూ వచ్చి నాన్న ముందు నిలబడ్డాడు. ఒంటి మీద బురద లేని చోటు లేదు.

"చాలా బాగా పరిగెత్తావు బాబూ," అన్నాడు నాన్న. "పందులు కూడా మెచ్చుకున్నాయి."

"సారీ తాతా. వాడి మీదికి వస్తుంటే చూస్తూ ఊరుకోలేకపోయా."

"వాడికేం, రెండు వందల ఎనభై పౌన్లున్నాడు. వాడి పలక వాడికుంది. నీ సందు చూసుకోవడానికి మాత్రం నువ్వు తప్ప ఎవరూ లేరు. నువ్వు కదలకపోవడమే వాడికి సాయం."

రెండోసారి గేటు తెరిచినప్పుడు ఆ ఆడపంది మళ్ళీ వెర్న్ మీదికే వచ్చింది. డెస్మండ్ ఒక అడుగు వెయ్యబోయి, పలకని మళ్ళీ నేలకి అదిమి పట్టాడు. పళ్ళు బిగబట్టి నిలబడ్డాడు. పంది వెర్న్ దగ్గర తల తిప్పింది, భుజం తిప్పింది, డెస్మండ్ వైపు వచ్చింది, అడ్డంగా ఉన్న పలక చూసి కాసేపు ఆలోచించింది, తోక ఊపుకుంటూ కొట్టంలోకి నడిచింది. మిగతావీ దాని వెనకే వెళ్ళాయి. పావుగంటలో పనైపోయింది.

"నేనేం చేయలేదు తాతా. ఊరికే నిలబడ్డా."

"అదే పని," అన్నాడు నాన్న.

ఆ తర్వాతి శనివారం డన్‌మోర్‌తో ఆటకి నాన్న వచ్చాడు. చెవులు కప్పే టోపీ పెట్టుకుని, కాఫీ ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని, నా పక్కన కూర్చున్నాడు. ఎముకలు కొరికే చలి. క్వింబీ గారు మాకు నాలుగు వరసల కింద ఉన్నాడు. అతని పక్కన ఒంటె రంగు కోటు వేసుకున్న కొత్త మనిషి ఒకడు కూర్చుని చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు. అలాంటి కోట్లు నేను ఇంతకుముందు రెండుసార్లు చూశాను. రెండుసార్లూ నెల తిరక్కుండా ఊరు మారాం. చలి నాకు కోటు లోపల కూడా మొదలైంది.

ఆట గురించి ఎక్కువ చెప్పను. ప్రొకాప్ వచ్చాడు, వెర్న్ తగిలాడు, ఇద్దరూ అక్కడే కూలబడ్డారు. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ కూలబడ్డారు. "పరిగెత్తరా డెస్మండ్, పోయి పట్టుకోరా" అని జనం కేకలు. డెస్మండ్ పోలేదు. నా వెనక వరసలో ఒకాయన, "వీడికివాళ ఒంట్లో బాగాలేనట్టుంది" అన్నాడు. నాన్న వెనక్కి తిరిగి, "వాడికి బాగానే ఉంది. మీరు కూర్చోండి" అన్నాడు. డన్‌మోర్ వాళ్ళు రెండు గజాలు, మూడు గజాలు, ఒక్కోసారి ముక్కి మూలిగి నాలుగు. వాళ్ళ కోచ్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు.

చివరి నిమిషానికి మేము పదీ వాళ్ళు ఆరు. బంతి మా గీతకి మూడు గజాల దూరంలో వాళ్ళ చేతిలో ఉంది. వాళ్ళకి మిగిలింది ఒకే ఒక్క ప్రయత్నం. దాటారంటే మా పని అయిపోయినట్టే. నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. అమ్మ అంత్యక్రియల్లో పట్టుకున్నాడు, మళ్ళీ ఇప్పుడు.

బంతి పంచేవాడు ప్రొకాప్ పొట్టలో బంతి పెట్టాడు. మైదానంలో ఉన్నవాళ్ళూ, చూస్తున్న మేమూ, అందరం ప్రొకాప్ దగ్గరే ఉన్నాం. వెర్న్ ప్రొకాప్ మోకాళ్ళకి అడ్డంపడ్డాడు. మావాళ్ళెవరూ అటు దూకలేదు. కానీ బంతి ప్రొకాప్ దగ్గర లేదు. పెట్టినట్టే పెట్టి పంచేవాడు వెనక్కి లాగేసుకున్నాడు, డెస్మండ్ ఎప్పుడూ ఖాళీ చేసే సందులోకి భుజం తిప్పాడు. డెస్మండ్ అక్కడే ఉన్నాడు. పరిగెత్తను కూడా లేదు, రెండడుగులు వేశాడంతే. పంచేవాడు అతని ఛాతీకి కొట్టుకుని, వచ్చిన దారినే వెనక్కి పడ్డాడు.

జనం మైదానంలోకి దూకారు. నాన్న మాత్రం కూర్చునే ఉన్నాడు. "భుజం చూశాడు," అని నాకు చెప్పాడు. కాసేపాగి మళ్ళీ అదే చెప్పాడు. డన్‌మోర్ వాళ్ళు ఆ రోజు పరిగెత్తింది మొత్తం నూట పద్దెనిమిది గజాలు. క్వింబీ గారు గ్లెన్‌ని వాటేసుకుని, వచ్చే ఏడాది సంగతులు అక్కడే మొదలుపెట్టాడు. ఆయన వదలగానే ఒంటె రంగు కోటు వచ్చి గ్లెన్ చెయ్యి పట్టుకుంది. ఎంతసేపటికీ వదల్లేదు. గ్లెన్ సంతోషంగా తల ఊపుతున్నాడు. నేను దూరం నుంచి చప్పట్లు కొడుతూనే ఉన్నాను, లోపల మాత్రం కప్పులు పేపర్లలో చుడుతున్నాను.

మర్నాడు మధ్యాహ్నం నాన్న మా ఇంటికి భోజనానికి వచ్చాడు. పేపర్లో గ్లెన్ ఫోటో పడింది. నా మొక్కులో సగమే దేవుడికి వినపడినట్టుంది. రోండా ఆ ఫోటో కత్తిరించి గోడకి అంటించింది. గ్లెన్ తీపికి చేసిన ఆపిల్ పైని ముక్కలు కోస్తున్నాడు. నాన్న ఫోర్కు పళ్ళెంలో పెట్టి, గిన్నెల వైపు చూస్తూ అన్నాడు, "అల్లుడూ, మంగళవారం పొద్దున్నే లారీ వస్తుంది. ఇరవై పందుల్ని ఎక్కించాలి. నా ఒక్కడి వల్ల కాదు. నువ్వొస్తావా?"

గ్లెన్ జవాబు చెప్పబోయాడు. అంతలో ఫోన్ మోగింది.

గ్లెన్ తీశాడు. పక్క రాష్ట్రంలో పెద్ద యూనివర్సిటీ. కోటు మనిషి గొంతు అవతల నుంచి నాకు కూడా వినిపిస్తూనే ఉంది. ఎనభై వేలమంది పట్టే స్టేడియం, ఇల్లు వాళ్ళే చూస్తారట, మంగళవారం వచ్చి ఒకసారి అన్నీ చూసి వెళ్ళమంటున్నారు. గ్లెన్ చెవులు ఎర్రబడ్డాయి. ఏ కోచ్‌కైనా పడతాయి, అందులో తప్పులేదు. రోండా తినడం ఆపేసింది. నాన్న పళ్ళెంలో లేని రొట్టెపొడిని ఏరుతున్నాడు.

"మంగళవారం కుదరదండి," అన్నాడు గ్లెన్. "మా మామగారికి పందులు ఎక్కించాలి." అవతల గొంతు ఏదో అడిగింది. "అవునండీ, పందులే. బుధవారమా? ఒక్క నిమిషం."

ఫోన్ మీద అరచెయ్యి పెట్టి నా వైపు తిరిగాడు. "ఆర్డీ, నువ్వేమంటావ్?"

ఐదు ఊళ్ళు మారాం. ప్రతిసారీ గుమ్మంలోంచే ఊరి పేరు చెప్పాడు. ఒక్కసారి కూడా అడగలేదు. అడుగుతాడని పదేళ్ళపాటు వంటింట్లో ఎన్ని జవాబులు తయారుచేసి పెట్టుకున్నానో, కొన్ని చాలా అందంగా కూడా ఉండేవి. సమయానికి ఒక్కటీ గుర్తుకు రాలేదు. కళ్ళమ్మట నీళ్ళు మాత్రం వచ్చాయి.

"నాకు వెళ్ళాలని లేదు గ్లెన్," అన్నాను.

అతను నన్ను చూశాడు. నాన్నని చూశాడు. గోడ మీద వాళ్ళ నాన్న ఫోటో సరిగ్గా అంటిందో లేదో వేలితో నొక్కి చూస్తున్న రోండాని చూశాడు. తర్వాత ఫోన్ మీంచి చెయ్యి తీశాడు.

"బుధవారం కూడా కుదరదండి," అన్నాడు.